ఎత్తుల వెనక నియమాలు: పంతొమ్మిదో శతాబ్దపు చదరంగం ఒక రూపానికి వచ్చిన తీరు

చదరంగం బల్ల మీద మూడే పావులు మిగిలాయనుకుందాం. చివరి వరుసలో నల్లరాజు నిలిచి ఉన్నాడు. అతనికి సరిగ్గా ఎదురుగా ఏడో వరుసలో ఒక తెల్లబంటు, ఆ బంటు వెనక దానికి కాపుగా తెల్లరాజు ఉన్నారు. ఆడవలసిన వంతు నలుపుది. ఇప్పుడున్న గడిలో నల్లరాజుకు చెక్ లేదు. కానీ పక్కనున్న రెండు గడులనూ బంటు కాస్తోంది, ముందున్న రెండు మూలగడులనూ తెల్లరాజు కాస్తున్నాడు, బంటును చంపుదామంటే దాని వెనక రాజు ఉన్నాడు. అంటే నలుపుకు కదిలే దారి లేదు. ఈ రోజు ఏ పిల్లవాణ్ణి అడిగినా ఇది స్టేల్‌మేట్ అనీ, ఆట డ్రా అనీ చెబుతాడు. 1800లో పారిస్‌లోనూ అదే జవాబు వచ్చేది. అదే రోజుల్లో లండన్‌లో మాత్రం తెలుపు ఓడిపోయినట్లు లెక్క. ప్రత్యర్థి రాజును కదలనివ్వకుండా బంధించి, చెక్ చెప్పలేకపోయిన ఆటగాడు తప్పు చేశాడనీ, ఆ తప్పుకు ఆటనే మూల్యంగా చెల్లించాలనీ ఇంగ్లండ్‌లో పదిహేడో శతాబ్దం నుంచీ పాటిస్తున్న పద్ధతి.

రెండు నగరాల మధ్య ఉన్న ఈ తేడా చిన్నదేమీ కాదు. ఒక బంటు ఎక్కువగా ఉన్నవాడు గెలుపు కోసం దాన్ని చివరిదాకా తోయాలా వద్దా అన్న ప్రశ్న ఆట ముగింపు దశకు ప్రాణం వంటిది. స్టేల్‌మేట్ డ్రా అయితే బలహీనుడికి ఒక ఆశ్రయం దొరుకుతుంది, బలవంతుడు జాగ్రత్తగా ఆడవలసి వస్తుంది. లండన్ నియమం ప్రకారమైతే అదే బలహీనుడికి ఆశ్రయం స్థానంలో విజయమే దక్కుతుంది. కనుక పావుల నడక ఒకటే అయినా, ఆ రెండు నగరాలవారూ ఆడింది ఒకే ఆట అని చెప్పడం కష్టం. చదరంగం చరిత్రలో పంతొమ్మిదో శతాబ్దానికి ఉన్న ప్రత్యేకత ఇక్కడే ఉందని నా అభిప్రాయం. ఆ శతాబ్దాన్ని మనం సాధారణంగా మహా ఆటగాళ్ళ వరుసగా చెప్పుకుంటాం. కానీ ఆ ఆటగాళ్ళు ఊళ్ళు దాటి ఒకరితో ఒకరు తలపడినప్పుడల్లా ఏదో ఒక నియమం దగ్గర పేచీ వచ్చింది, ఆ పేచీని తీర్చుకుంటూ తీర్చుకుంటూ వాళ్ళు మనం ఇప్పుడు ఆడే ఆటను తయారుచేశారు. ఆటగాళ్ళ కథనూ నియమాల కథనూ విడదీసి చెబితే రెండూ సగం సగమే అర్థమవుతాయి.

ముందుగా పావుల పేర్ల సంగతి. మన ఇళ్ళలో ఇవి ఊరికో విధంగా పలుకుతాయి కాబట్టి, ఈ వ్యాసంలో మూలల నుంచి నిటారుగా నడిచేదాన్ని ఏనుగు అనీ, ఏటవాలుగా నడిచేదాన్ని శకటు అనీ, రాజు పక్కనే ఉండే అత్యంత బలమైన పావును మంత్రి అనీ అంటున్నాను. మంత్రికీ శకటుకూ ఇప్పుడున్న దూరపు నడక పదిహేనో శతాబ్దం చివర స్పెయిన్, ఇటలీ ప్రాంతాల్లో వచ్చింది. అప్పటికే బంటుకు మొదటి నడకలో రెండు గడులు దూకే హక్కు కూడా ఉంది. కాబట్టి 1800 నాటికి పావుల నడకలో పెద్దగా తేలవలసిందేమీ లేదు. నడకలు కలిసే చోట, అంటే స్టేల్‌మేట్, కాస్లింగ్ (రాజునూ ఏనుగునూ ఒకే ఎత్తులో జరపడం), ఆన్ పసాన్ (రెండు గడులు దూకి పక్కకు వచ్చిన బంటును, ఒక్క గడే నడిచినట్లు లెక్కగట్టి వెంటనే చంపడం), బంటు హోదా మార్పు (చివరి వరుస చేరిన బంటు మరో పావు కావడం), ముట్టిన పావు (చేయి వేసిన పావునే ఆడాలన్న కట్టుబాటు), డ్రా, సమయం వంటి విషయాల్లోనే ఊరికో చట్టం నడిచింది.

స్టేల్‌మేట్ పేచీ త్వరగానే తీరింది. లండన్‌లో చదరంగం నేర్పి జీవించిన జేకబ్ హెన్రీ సరాట్, యూరప్ ఖండంలోని పాత గ్రంథాలను ఇంగ్లీషులోకి తెచ్చినవాడు. ఆ గ్రంథాలు చదివిన మనిషికి తన దేశపు నియమం ఒంటరిదన్న సంగతి తెలియకుండా ఉండదు. పంతొమ్మిదో శతాబ్దం తొలి ఏళ్ళలో అతని ప్రభావంతో ఇంగ్లండ్ కూడా స్టేల్‌మేట్‌ను డ్రాగా ఒప్పుకుంది.

కాస్లింగ్, ఆన్ పసాన్ విషయాల్లో మాత్రం ఇటలీ మిగతా యూరప్ పద్ధతిని చాలాకాలం ఒప్పుకోలేదు. అక్కడి కాస్లింగ్‌లో రాజుకూ ఏనుగుకూ ఇంత స్వేచ్ఛ ఉండేదని ఇప్పుడు ఊహించడం కూడా కష్టం. మనం రాజును రెండు గడులు జరిపి ఏనుగును అతని అవతలి పక్కన పెడతాం. ఇటలీలో ఆ రెండు పావుల మధ్యనున్న గడుల్లో ఏది దేనికి అనుకూలమో చూసుకుని, కొన్ని పరిమితులకు లోబడి, ఆటగాడే ఎంచుకునేవాడు. రాజు ఏకంగా మూలకు చేరి దాక్కోవచ్చు, ఏనుగు నేరుగా తెరిచి ఉన్న మధ్య వరుసకు రావచ్చు. ఒక్క ఎత్తులో రక్షణా దాడీ రెండూ సమకూరేవి. ఇక ఆన్ పసాన్ అక్కడ అసలు లేదు. రెండు గడులు దూకిన బంటు, ప్రత్యర్థి బంటు కాపలా కాస్తున్న గడిని దాటుకుని పోయినా దాన్ని ఎవరూ పట్టుకోలేరు. ఆన్ పసాన్ నియమం ఎందుకుందో ఈ పోలికలో బాగా తెలుస్తుంది. రెండు గడుల దూకుడు ఆటకు వేగం ఇవ్వడానికి వచ్చిన సదుపాయమే గాని, కాపలా తప్పించుకునే దొంగదారి కావడానికి వచ్చింది కాదు. ఆ దారిని మూయడానికే ఆన్ పసాన్ పుట్టింది. ఇటలీలో ఆ దారి తెరిచే ఉంది కాబట్టి అక్కడి ఆటగాళ్ళు బంటు కట్టుదిట్టాలను వేరే విధంగా అమర్చుకోవలసి వచ్చేది. రోమ్ నగరానికి చెందిన సెరాఫీనో దుబ్వా 1862లో లండన్ పోటీకి వచ్చి, తర్వాతి రోజుల్లో ప్రపంచ విజేత కాబోయే యువకుడు స్టైనిట్జ్‌తో వరుస ఆటల పోటీ ఆడి ఓడిపోయాడు. స్వదేశపు చట్టంలో పండిపోయిన మనిషి పరాయి చట్టంలో ఆడవలసి రావడం ఎంత భారమో ఆ ఓటమిని చదివేటప్పుడు గుర్తుంచుకోవాలి. 1880 ప్రాంతంలో ఇటలీ కూడా మిగతా యూరప్ పద్ధతిలోకి వచ్చింది.

మన దేశం ఈ కథకు దూరంగా లేదు. భారతీయ పద్ధతిలో బంటు మొదటి నడకలోనూ ఒక్క గడే వేస్తుంది. యూరప్‌వారి కాస్లింగ్‌కు బదులు, రాజుకు ఆటలో ఒకసారి గుర్రం దూకుడు దూకే వీలుంటుంది. చివరి వరుస చేరిన బంటు తాను చేరిన గడిలో మొదట ఏ పావు ఉండేదో ఆ పావుగా మారాలి. తెలుగు ఇళ్ళలో పాతతరం పెద్దల దగ్గర ఆట నేర్చుకున్నవారిలో కొందరికైనా ఈ పద్ధతి పరిచయమే అయి ఉంటుంది. అలాంటి దేశంలో 1820ల చివర మద్రాసుకూ హైదరాబాదుకూ మధ్య ఉత్తరాల మీద రెండు ఆటల పోటీ జరిగింది. మద్రాసు పక్షాన ఎత్తులకు ముఖ్య సూత్రధారి గులాం ఖాసిం. ఆ ఆటలనూ, మ్యూజియో గాంబిట్ అనే ఆరంభంపై విశ్లేషణనూ కలిపి, మద్రాసు సివిల్ సర్వీసు ఉద్యోగి జేమ్స్ కాక్రన్‌తో కలిసి అతను 1829లో మద్రాసులోనే పుస్తకంగా అచ్చు వేయించాడు.

ఆ పుస్తకం విలువ నియమాల దృష్టితో చూస్తేనే పూర్తిగా తెలుస్తుంది. మ్యూజియో గాంబిట్‌లో తెలుపు మొదట రాజు ముందున్న బంటును రెండు గడులు తోస్తాడు, వెంటనే పక్క బంటును రెండు గడులు తోసి బలి ఇస్తాడు, తర్వాత గుర్రాన్ని కూడా శత్రువుకు వదిలేసి కాస్లింగ్ చేసి ఏనుగును దాడిలోకి తెస్తాడు. రెండు గడుల నడకా కాస్లింగూ లేని ఆటలో ఈ ఆరంభానికి చోటే లేదు. కనుక గులాం ఖాసిం పరాయి చట్టాన్ని నేర్చుకోవడంతో ఆగక, ఆ చట్టంలో మాత్రమే పుట్టగల అతి క్లిష్టమైన చిక్కును విప్పడానికి పూనుకున్నాడన్నమాట. ఆ గాంబిట్‌లో ఒక శాఖ నేటికీ అతని పేరుతోనే చదరంగ గ్రంథాల్లో నిలిచి ఉంది. హైదరాబాదు పేరు ఇంత పాత చదరంగ సాహిత్యంలో శీర్షికలోనే కనిపిస్తుందని మనలో ఎంతమంది ఎరుగుదురో తెలియదు. ఎరగవలసిన విషయమని మాత్రం నాకు గట్టిగా అనిపిస్తుంది.

కలకత్తాలో ఇందుకు తిరగేసిన కథ నడిచింది. జాన్ కాక్రన్ అనే బారిస్టరు, యూరప్‌లో అప్పటికే పేరున్న దాడి ఆటగాడు, మహేశ్‌చంద్ర బెనర్జీతో ఏళ్ళ తరబడి ఆడాడు. బెనర్జీ యూరోపియన్ నియమాలకు ఒదిగిపోయినా, భారతీయ ఆటలో అలవడిన చేతివాటాన్ని వదులుకోలేదు. బంటు ఒక్కొక్క గడే నడిచే ఆటలో పెరిగినవాడికి మధ్య గడులను మొదటే ఆక్రమించాలన్న తొందర ఉండదు. అందుకే ఆయన గుర్రం ముందు బంటును ఒక గడి జరిపి, ఆ ఖాళీలో శకటును పక్కవాటుగా పెట్టి, దూరం నుంచే మధ్యభాగాన్ని గురిపెట్టేవాడు. ఆనాటి యూరప్ పండితులు దీన్ని వింతగా చూశారు. తర్వాతి శతాబ్దంలో ఇదే తరహా కట్టు ఇండియన్ డిఫెన్స్ అన్న కుటుంబ నామంతో ప్రపంచమంతా పాకింది. రద్దయిపోయిన ఒక నియమం తన నీడను కొత్త చట్టంలో ఎలా వదిలి వెళుతుందో చూపడానికి ఇంతకంటే మంచి ఉదాహరణ నాకు తెలియదు.

ఇక యూరప్‌కు తిరిగి వస్తే, 1834లో లండన్‌లోని వెస్ట్‌మినిస్టర్ క్లబ్బులో లా బూర్డొనే అనే ఫ్రెంచివాడూ, బెల్‌ఫాస్ట్‌లో పుట్టిన మెక్‌డొనెల్ అనే వ్యాపారీ వరుసగా ఆరు పోటీల్లో 85 ఆటలు ఆడారు. లా బూర్డొనే 45 గెలిచాడు, మెక్‌డొనెల్ 27 గెలిచాడు, 13 డ్రాగా ముగిశాయి. ఆ ఆటలన్నీ మనకు మిగిలాయంటే విలియం గ్రీన్‌వుడ్ వాకర్ అనే క్లబ్బు కార్యదర్శి దగ్గర కూర్చుని ఎత్తులన్నీ రాసి పెట్టడమే కారణం. అంతకు ముందు పారిస్ కాఫీ హోటళ్ళలో డెషపెల్ వంటి దిగ్గజాలు ఒక బంటునో రెండెత్తులనో ప్రత్యర్థికి ముందే వదిలిపెట్టి ఆడేవారు; ఆ రకం ఆటలో ఎవరు ఎవరికంటే ఎంత గొప్పో తేల్చడం దుర్లభం. సరిసమానంగా మొదలై, ఎత్తు ఎత్తూ నమోదై, అచ్చులో చదవడానికి దొరికిన పెద్ద పోటీ కావడమే 1834కు ఉన్న ఘనత. అయితే అందులో గడియారం లేదు. మెక్‌డొనెల్ ఒక్కొక్క ఎత్తుకు చాలా సేపు తీసుకునేవాడు, లా బూర్డొనే ఆ నిరీక్షణకు విసిగిపోయేవాడు. ఆ విసుగు మరో యాభై ఏళ్ళ పాటు చదరంగాన్ని వెంటాడింది.

పారిస్‌లో 1843లో సాంతమాన్ అనే ఫ్రెంచి ఆటగాణ్ణి 11 గెలుపులు, 6 ఓటములు, 4 డ్రాలతో జయించిన హోవర్డ్ స్టాంటన్, ఇంగ్లండ్‌కు ఆటలో పెద్దరికం తెచ్చాడు. అతను ఆటగాడిగా కంటే వ్యవస్థాపకుడిగానే ఎక్కువ మిగిలాడన్నది నా అంచనా. నథానియల్ కుక్ రూపమిచ్చి 1849లో జాక్వెస్ సంస్థ అమ్మకానికి తెచ్చిన పావులకు స్టాంటన్ తన పేరు ఇచ్చాడు. అంతకు ముందు ఒక్కో దేశంలో ఒక్కో ఆకారం ఉండడంతో, పరాయి ఊళ్ళో కూర్చున్న ఆటగాడు మంత్రినీ శకటునూ పోల్చుకోలేక పొరపడే అవకాశం ఉండేది. నేటి పోటీల్లో కనిపించే పావులు ఆ రూపానివే. స్టాంటన్ మరో కోరిక, దేశాలన్నిటికీ ఒకే నియమావళి. 1851లో లండన్‌లో మహా ప్రదర్శన జరుగుతున్న వేళ 16 మందితో తొలి అంతర్జాతీయ పోటీ ఏర్పాటు చేయడంలో ఆ ఉద్దేశం కూడా ఉంది. నియమావళి అప్పుడు తేలలేదు. పోటీని గెలిచినవాడు స్టాంటన్ కాదు, బ్రెస్లావ్‌లో లెక్కలు చెప్పే పంతులు అడాల్ఫ్ ఆండెర్సెన్.

ఆ వేసవిలోనే, పోటీకి వెలుపల సరదాగా ఆడిన ఒక ఆటలో ఆండెర్సెన్ కీజెరిట్స్కీపై రెండు ఏనుగులనూ ఒక శకటునూ చివరికి మంత్రినీ బలి ఇచ్చి, మిగిలిన చిన్న పావులతో ఆటకట్టు చేశాడు. అమర క్రీడగా దాన్ని చదరంగ లోకం ఇప్పటికీ తలుచుకుంటుంది. అందం కోసం ప్రాణమిచ్చే ఆ శైలికి ఒక నేపథ్యం ఉంది. ఎదుటివాడు ఇచ్చిన బలిని తిరస్కరించడం నాటి మర్యాద కాదు, రక్షణకు అప్పట్లో శాస్త్రమూ లేదు.

రక్షణ ఆడేవారి చేతిలో అప్పట్లో ఉన్న ఒకే ఆయుధం ఆలస్యం. 1851 పోటీలోనే ఎలైజా విలియమ్స్ నిదానం మీద స్టాంటన్ తీవ్రంగా ధ్వజమెత్తాడు. 1857లో న్యూయార్క్‌లో జరిగిన తొలి అమెరికన్ చదరంగ మహాసభలో లూయీ పాల్సెన్ కొన్ని ఎత్తులకు గంటకు పైగా ఆలోచించాడు. అతనికి ఎదురుగా కూర్చున్నది న్యూఆర్లీన్స్ నుంచి వచ్చిన ఇరవై ఏళ్ళ పాల్ మార్ఫీ. మార్ఫీ ఆడే వేగం చూసినవారికి అతను అసలు ఆలోచిస్తున్నాడా అన్న అనుమానం వచ్చేదట. అయినా తుది పోరులో 5 గెలుపులు, 1 ఓటమి, 2 డ్రాలతో అతనిదే పైచేయి అయింది. ఆరో ఆటలో మార్ఫీ మంత్రిని ఇచ్చివేసి పాల్సెన్ రాజును చుట్టుముట్టిన తీరు గొప్ప అందమైనది. మరుసటి ఏడు యూరప్ వెళ్ళి పారిస్‌లో ఆండెర్సెన్‌ను 7 గెలుపులు, 2 ఓటములు, 2 డ్రాలతో దాటాడు. స్టాంటన్‌తో తలపడాలన్న కోరిక మాత్రం ఎన్ని ఉత్తర ప్రత్యుత్తరాలు నడిచినా తీరలేదు. మార్ఫీ బలులు పైకి ఆండెర్సెన్ బలుల లాగే కనిపిస్తాయి. కానీ అతను ముందు పావులన్నిటినీ బయటికి తీసి, రాజును భద్రపరచి, దారులు తెరిచి, ఆ తర్వాతే దాడికి దిగేవాడు. 1859 తర్వాత అతను గంభీరమైన పోటీల నుంచి తప్పుకోవడం ఆ శతాబ్దానికి జరిగిన పెద్ద నష్టం.

సమయానికి కట్టుబాటు మెల్లగా వచ్చింది. 1861లో ఆండెర్సెన్, కోలిష్ ఆడిన పోటీలో ఒక్కొక్కరికీ ఒక ఇసుక గడియారం పెట్టి, రెండు గంటల్లో 24 ఎత్తులు పూర్తి చేయాలన్నారు. తన వంతు వచ్చినప్పుడు తన గడియారాన్ని నిలబెట్టాలి, ఎత్తు వేశాక అడ్డంగా పడుకోబెట్టాలి. 1867లో పారిస్‌లో ఆలస్యానికి జరిమానా డబ్బు వసూలు చేశారు. అంటే డబ్బున్నవాడు సమయం కొనుక్కోవచ్చన్నమాట. ఆ విధానం నిలవకపోవడం మంచిదే అయింది. 1883 లండన్ పోటీలో మాంచెస్టర్‌కు చెందిన థామస్ బ్రైట్ విల్సన్ రూపొందించిన జంట గడియారం వచ్చింది. రెండు గడియారాలను ఒక ఊయల కర్ర మీద అమర్చి, ఒకటి వంగి ఆగితే రెండోది లేచి నడిచేలా చేశారు. గంటకు 15 ఎత్తులు. అప్పటి నుంచి ఆలస్యం ఆయుధం కాకుండా పోయింది. రక్షించుకోదలచినవాడు కూర్చుని ఎదుటివాణ్ణి అలసిపోయేలా చేయడం మాని, నిజంగా రక్షణ నేర్చుకోవలసి వచ్చింది.

డ్రా విషయంలో అయోమయం ఇంకా ఎక్కువ కాలం సాగింది. 1862 లండన్‌లో డ్రా అయిన ఆటను తేలేదాకా మళ్ళీ మళ్ళీ ఆడించారు. 1867లో డండీ పట్టణంలో చెరో అర పాయింటు ఇచ్చారు. 1883 లండన్‌లో మళ్ళీ వెనక్కి వెళ్ళి, మొదటి రెండు డ్రాలనూ లెక్కలోకి తీసుకోకుండా తిరిగి ఆడించి, మూడోసారి కూడా తేలకపోతేనే అర పాయింటు ఇచ్చారు. ఆ పోటీలో జొహాన్నెస్ జూకర్‌టార్ట్ 26కు 22 పాయింట్లు తెచ్చుకుని, 19తో రెండో స్థానంలో నిలిచిన విల్హెల్మ్ స్టైనిట్జ్‌ను చాలా వెనక వదిలాడు. తెలుపే ముందు ఆడాలన్న నియమం కూడా ఆ రోజుల్లోనే స్థిరపడుతూ వచ్చింది. అంతకు ముందు ఎవరు ఏ రంగు తీసుకోవాలన్నదీ, ఎవరు ముందు ఆడాలన్నదీ రెండు వేర్వేరు ప్రశ్నలు. నలుపుతో ఆట మొదలైన సందర్భాలు పాత పుస్తకాల్లో చాలానే కనిపిస్తాయి. 1857 న్యూయార్క్ సభకే లోవెన్‌తాల్ అనే ఆటగాడు ఈ సూచన పంపినా, 1880లో అయిదో అమెరికన్ మహాసభ నియమావళిలోకి ఎక్కేసరికి ఇరవై ఏళ్ళకు పైగా పట్టింది.

తప్పు నడకకు నాడున్న శిక్ష మరీ విడ్డూరమైనది. చెల్లని ఎత్తు వేసినవాణ్ణి ఆ ఎత్తుకే కట్టిపడేయాలా, అదే పావును సక్రమంగా నడపమనాలా, లేక దాన్ని వెనక్కి పెట్టించి రాజును కదపమనాలా అన్నది ప్రత్యర్థి ఇష్టం. కాస్లింగ్ ఇంకా చేయని రాజును బలవంతంగా కదిపించడమంటే ఆ హక్కును శాశ్వతంగా తీసేసినట్లే.

1886లో స్టైనిట్జ్, జూకర్‌టార్ట్ న్యూయార్క్, సెయింట్ లూయిస్, న్యూఆర్లీన్స్ నగరాల్లో తలపడ్డారు. ప్రపంచ విజేత బిరుదు కోసమని చెప్పుకుని ఆడిన తొలి పోటీగా దీన్ని లెక్కిస్తారు. పది ఆటలు ముందు గెలిచినవాడిదే విజయం, డ్రాలకు లెక్క లేదు. తొలి అయిదు ఆటల్లో 4-1తో వెనకబడిన స్టైనిట్జ్ చివరకు 10 గెలుపులు, 5 ఓటములు, 5 డ్రాలతో గెలిచాడు. ప్రాగ్‌లో పుట్టి, వియన్నాలో బలుల ఆటగాడిగా పేరు తెచ్చుకుని, 1866లో ఆండెర్సెన్‌నే 8-6తో ఓడించిన ఈ మనిషి, 1870ల నుంచి పూర్తిగా దారి మార్చుకున్నాడు. ఎదుటివాడి అమరికలో లోపం లేనిదే దాడి నిలవదనీ, బలిని నిర్భయంగా తీసుకుని గట్టిగా కాచుకుంటే మిగిలిన ఒక్క బంటే చివరికి గెలిపిస్తుందనీ అతను బోధించాడు. ఈ సిద్ధాంతాన్ని ఒక వ్యక్తి మేధకే కట్టబెట్టడం సరికాదని నేను భావిస్తున్నాను. ముగింపు దశ ఫలితం దేశానికో విధంగా మారకుండా స్థిరపడినప్పుడే ఒక బంటు ఎక్కువ కావడానికి కచ్చితమైన విలువ వస్తుంది. గడియారం ఉన్నప్పుడే రక్షణ ఆడేవాడి నైపుణ్యం సోమరితనంగా కాక నైపుణ్యంగానే కనిపిస్తుంది. స్టైనిట్జ్ నిలబడిన నేలను అతనికి ముందున్న ఎనభై ఏళ్ళ పేచీలు చదును చేసి పెట్టాయి. 1894లో అతన్ని ఓడించిన ఇమాన్యుయేల్ లాస్కర్ కూడా అదే నేల మీద నడిచాడు.

ఆ స్టైనిట్జే ఒక్క నియమం దగ్గర మాత్రం ఓడిపోయే పక్షం వహించాడు. చివరి వరుస చేరిన బంటు ఏమవ్వాలన్నది ఆ శతాబ్దంలో సులువుగా తెగని ప్రశ్న. బల్ల మీద మంత్రి ఉండగానే రెండో మంత్రి రావడం వింతని తలచి, అప్పటికి చచ్చిన పావుల్లోంచే ఒకటి ఎంచుకోవాలని కొందరు పట్టుబట్టారు. ఆ పట్టు ఒక చిక్కును తెచ్చింది. పావులేవీ చావకముందే బంటు గమ్యం చేరితే ఏం చేయాలి? దీనికి 1862 నాటి బ్రిటిష్ నియమావళి, ఆటగాడు కోరుకుంటే బంటును బంటుగానే ఉంచుకోవచ్చని మరో దారి తెరిచింది. చివరి వరుసలో బంటు ఇక కదలదు, ఎవరినీ బెదిరించదు. అలాంటి జడపదార్థాన్ని ఎవరైనా ఎందుకు కోరుకుంటారంటే, మళ్ళీ స్టేల్‌మేట్ కోసమే. ఓటమి అంచున ఉన్నవాడి రాజు ఒక మూల ఇరుక్కుని ఉన్నాడనుకోండి. బంటు మంత్రిగా మారితే ఆ మంత్రి కదలగలదు గనుక ఆట సాగుతుంది, తర్వాతి ఎత్తులో ఆటకట్టు తప్పదు. బంటుగానే ఉండిపోతే కదలడానికి ఏమీ మిగలదు, ఆట డ్రా అవుతుంది. ఇది హాస్యాస్పదమని చాలామంది ఆక్షేపించినా, 1883 లండన్ పోటీ ఈ నియమంతోనే జరిగింది, స్టైనిట్జ్ 1889లో తెచ్చిన తన పాఠ్యగ్రంథంలో దీన్ని సమర్థించాడు. రక్షించుకునేవాడికి దొరికే ఏ చిన్న ఆధారాన్నీ వదులుకోవడం అతని స్వభావం కాదు. తర్వాతి నియమావళుల్లో ఆ కదలని బంటుకు చోటు దొరకలేదు. 1924లో ఏర్పడిన అంతర్జాతీయ చదరంగ సమాఖ్య ఫిడే 1929లో ప్రపంచమంతటికీ ఒకే చట్టం తెచ్చేనాటికి, గమ్యం చేరిన బంటు మంత్రిగానో ఏనుగుగానో శకటుగానో గుర్రంగానో మారి తీరవలసిందే.